నూటికి 39: అది ఎవరి లెక్క?

అక్క బయాప్సీ రిపోర్టు వచ్చిన మర్నాడు పొద్దున తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ మా మేనల్లుడు తన ఫోను నా చేతిలో పెట్టాడు. ఉస్మానియాలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాడు, అంకెలకు జంకే పిల్లాడు కాదు. ఆ రోజు మాత్రం గొంతు పెగల్లేదు. "మామయ్యా, మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్ వస్తే ఐదేళ్లు దాటేది నూటికి 39 మందేనట. మరి అమ్మ..."

ఆ 39 అబద్ధం కాదు. 2018లో లాన్సెట్ పత్రిక అచ్చువేసిన కాంకార్డ్-3 అధ్యయనంలోది. 2010–14 మధ్య జబ్బు బయటపడినవాళ్ల లెక్క. అందులోనే దక్షిణ కొరియా 72 దగ్గర ఉంది. ఇంత తేడా ఎక్కడ వచ్చింది? మలంలో రక్తం పడితే మనవాళ్లు మొలలనుకుని నెలల తరబడి మొలల మందు వాడతారు. పేగు మూసుకుపోయి కడుపు ఉబ్బాక ఆసుపత్రికి పరుగెత్తుతారు. కీమో మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అయినా జిల్లా నుంచి మూడు వారాలకోసారి కూలి పోగొట్టుకుని వచ్చిపోవడం ఎంతమందికి సాధ్యం? ఆ 39 వెనక ఇలాంటివన్నీ ఉన్నాయి. అన్ని దశలవాళ్లనూ కలిపేసిన అంకె అది.

అక్క లెక్క వేరే కాగితంలో ఉంది. ఆపరేషన్ అయ్యాక వచ్చిన పాథాలజీ రిపోర్టును మేనల్లుడూ నేనూ ఆసుపత్రి వరండాలో కూర్చుని పంక్తి పంక్తీ చదివాం. గడ్డ పేగు కండరాన్ని దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వెళ్లింది. 18 లింఫు గ్రంథులు పరీక్షిస్తే 2 గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. సీటీలో లివరు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అంటే మూడో దశ. ఇందులో అందరూ దాటేసి చదివే అంకె ఆ 18. కనీసం 12 గ్రంథులైనా చూడందే "గ్రంథులకు పాకలేదు" అన్న మాటను గట్టిగా నమ్మడానికి లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగితే ముందు ఆ అంకె వెతకండి.

దశ తెలిశాక లెక్క మారిపోతుంది. అమెరికా రిజిస్ట్రీల ప్రకారం జబ్బు పేగుకే పరిమితమైతే నూటికి 91 మంది, పక్క గ్రంథులకు పాకితే 74 మంది, దూరపు అవయవాలకు చేరితే 13 మంది ఐదేళ్లు దాటుతున్నారు. ఆ 13 కూడా అందరికీ ఒకేలా వర్తించదు. లివర్‌లో మచ్చలు కొద్దిగానే ఉండి, వాటిని కోసి తీసేయగలిగిన వాళ్లలో 40 దాకా దాటుతారు.

మూడో దశవాళ్లను 12,800 మందికి పైగా తీసుకుని, కీమో మూడు నెలలా ఆరు నెలలా అని పోల్చిన ఐడియా పరిశోధనలో ఐదేళ్ల తర్వాత నూటికి 82 మంది బతికే ఉన్నారు, ఎన్ని నెలలు ఇచ్చినా. ట్రయల్‌లో చేరినవాళ్లు కాస్త గట్టిగా ఉన్నవాళ్లే కాబట్టి ఆ 82ను యథాతథంగా అక్కకు రాసివ్వలేను. కానీ 39ని అసలే రాసివ్వను.

అక్క భయం మాత్రం మరో చోట ఉంది. "అక్కినేని గారికీ క్యాన్సరే కదరా, మూడు నెలలకే పోయారు" అంది. నిజమే. 2013 అక్టోబరులో తనకు క్యాన్సర్ అని ఆయనే నలుగురి ముందూ చెప్పారు, 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆపరేషన్ తర్వాత కూడా 'మనం' సినిమాలో తన పని పూర్తి చేసి మరీ వెళ్లారు. కానీ అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. అక్కకు 56. ఆ ముప్పై మూడేళ్ల తేడాను ఏ లెక్కలో కలుపుతావు అని అడిగితే కాసేపు ఏమీ అనలేదు.

అక్కలాంటి తక్కువ ముప్పు కేసుల్లో మూడు నెలల కీమో చాలన్నది ఐడియా పరిశోధనలోనే తేలింది. ఆరు నెలలు ఇస్తే నూటికి 45 మంది దాకా చేతులు, కాళ్లు తిమ్మిరెక్కి బాధపడ్డారు. మూడు నెలలకు అది 15 దరిదాపుల్లోనే. ఆ మూడు నెలలూ అక్క ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీయాలంటే ఉన్ని గ్లోవ్స్ వేసుకునేది. చల్లటిది వేలికి తగిలితే సూదులు గుచ్చినట్టుండేది. అయినా ఒక్క కీమో సైకిలూ తప్పలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర కాసేపు కూర్చుని వస్తుంది. ఇది కాలక్షేపం కాదు. 2025లో వెలువడిన ఛాలెంజ్ ట్రయల్‌లో కీమో పూర్తయిన 889 మందిని రెండు భాగాలు చేసి, సగం మందితో మూడేళ్లు క్రమం తప్పకుండా వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు వాళ్లలో నూటికి 90 మంది ఉన్నారు, పుస్తకం చేతికిచ్చి పంపినవాళ్లలో 83 మంది. వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావు గంట చురుగ్గా నడిస్తే సరిపోయేంత వ్యాయామం అది. మందు సీసాలో ఇంత తేడా దొరికితే ఎంత ధరైనా పెట్టి కొనేవాళ్లం.

మళ్లీ వచ్చే జబ్బులో చాలా భాగం మొదటి మూడేళ్లలోనే వస్తుంది. అందుకే సీఈఏ రక్తపరీక్ష తేదీలు మేనల్లుడు క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టాడు. ఒక్కో ఏడాది గడిచేకొద్దీ మిగిలిన ప్రమాదం తగ్గుతూ వస్తుందని వాడే వాళ్లమ్మకు బోర్డు మీద గీసి చూపించాడు.

ఆ క్యాలెండర్‌లో ఒక తేదీ నాది. తోబుట్టువులు, పిల్లలు 40 ఏళ్లకు, లేదా ఇంట్లో జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాకు 52. ఆ నలభై దాటి పన్నెండేళ్లయింది. పేగులో పిలక (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది, ఆలోపు దొరికితే పరీక్షలోనే తీసేస్తారు. వచ్చే శుక్రవారం పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు. "మత్తిస్తారు, ఒక్కడివే పోకు. నేనొస్తా" అంది అక్క.