ఒక ఉద్యోగం, నలుగురు పిల్లలు

మన తాతల తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా కనిపించేవారు. సోమవారం ఒకరింట భోజనం, మంగళవారం మరొకరింట. ఏడు రోజులు, ఏడు ఇళ్లు, ఒక పిల్లవాడి చదువు. షికాగోలో 1996లో తెరిచిన ఒక బడి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ వారాలే గుర్తొస్తాయి. అక్కడా చదువు సాగేది వారం లెక్క మీదే. కాకపోతే ఆ పిల్లలు వారానికో రోజు ఉద్యోగానికి వెళతారు. నలుగురు కలిసి ఒక ఉద్యోగం చేస్తారు. ఆ జీతం నేరుగా బడికి చేరుతుంది. అదే వాళ్ల ఫీజు.

బడి పేరు క్రిస్తో రే జెస్యూట్ హైస్కూల్. స్పానిష్‌లో క్రిస్తో రే అంటే క్రీస్తు రాజు. నడిపేది కథోలికులైన యేసు సభ (జెస్యూట్) గురువులు. విజయవాడలో 1953లో ఆంధ్ర లయోలా కాలేజీని స్థాపించినవారూ ఆ సభవారే కాబట్టి మనకు కొత్తవారేం కాదు. 9 నుంచి 12 దాకా నాలుగు తరగతులు, అంటే మన తొమ్మిదో తరగతి మొదలు ఇంటర్ రెండో ఏడాది వరకు. పిల్లల్ని డిగ్రీ చదువుకు తయారుచేసి పంపడమే పనిగా పెట్టుకున్న ఇలాంటి బడిని అమెరికాలో ‘కాలేజ్ ప్రిపరేటరీ’ అంటారు, ముద్దుగా ‘ప్రెప్’.

ఆ ప్రెప్ అన్న మాట వినగానే అమెరికన్లకు తట్టేది డబ్బు. ఉదాహరణకు మసాచుసెట్స్‌లోని గ్రోటన్ స్కూల్‌ను 1884లో ఒక ఎపిస్కోపల్ గురువు స్థాపించాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1900లో అక్కడ చదువు ముగించాడు. ఆ కోవకు చెందిన పెద్ద బోర్డింగ్ బడుల్లో ఏడాది ఖర్చు ఇవాళ 60 వేల డాలర్లు దాటింది. క్రిస్తో రే నియమం దీనికి సరిగ్గా తలకిందులు. ఫీజు పూర్తిగా కట్టగల స్తోమత ఉన్నవాళ్లకు అక్కడ సీటు లేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రమే.

మరి అలాంటి బడి నడిచేదెలా? ఇది తెలియాలంటే ముందు అమెరికా కథోలిక బడుల్లోని సన్యాసినుల సంఖ్య చూడాలి.

1960ల నడుమ అమెరికాలో దాదాపు 13 వేల కథోలిక బడులు, వాటిలో 52 లక్షల మంది పిల్లలు ఉండేవారు. ఇవాళ బడులు 6 వేల లోపు, పిల్లలు సుమారు 17 లక్షలు. పిల్లల సంఖ్యలో మూడింట రెండు వంతులు, బడుల్లో సగానికి పైగా కరిగిపోయాయి. కారణాలు చాలానే ఉన్నాయి గానీ నన్ను ఆపేసిన అంకె ఒకటుంది. 1960లో ఆ బడుల్లో పాఠాలు చెప్పేవారిలో నలుగురికి ముగ్గురు సిస్టర్లో, బ్రదర్లో, ఫాదర్లో. వాళ్లకు జీతం నామమాత్రం. ఇవాళ అలాంటివారు వందకు ముగ్గురు కూడా లేరు. మిగతా 97 మందికి ఇల్లూ సంసారం ఉంది, జీతం ఇవ్వాలి, ఆరోగ్య బీమా కట్టాలి. పేదల పేటల్లో తక్కువ ఫీజుతో బడి నడిచిందంటే దాని వెనక ఆ అక్కచెల్లెళ్ల దాదాపు ఉచితమైన శ్రమ ఉందన్నమాట. ఆ శ్రమ తరిగిపోయాక ఫీజు పెరిగింది. ఫీజు పెరిగాక ఆ బడి ఎవరికోసం పుట్టిందో వాళ్లే దానికి దూరమయ్యారు.

షికాగోలో పిల్సెన్ అనే పేట మెక్సికో నుంచి వలస వచ్చిన కూలీ కుటుంబాలది. 1990ల మొదట్లో యేసు సభవారు ఆ పేటలో మీకేం కావాలని అడిగితే, పిల్లలకు మంచి హైస్కూలు కావాలన్న జవాబు వచ్చింది. ఆ పని నడిపించడానికి పెరూ దేశంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన జాన్ ఫోలీ అనే గురువును వెనక్కి పిలిపించారు. కట్టడానికి తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదు, విరాళాలతో ఎన్నేళ్లని నెట్టుకురాగలరు? అప్పుడు రిచర్డ్ మర్రీ అనే సలహాదారు ఒక ఉపాయం చెప్పాడు: పిల్లలే సంపాదించుకోవచ్చు కదా, ఒక్కో ఉద్యోగానికి నలుగురు చొప్పున!

ఎందుకు నలుగురే? ఇక్కడ లెక్క అందంగా కుదురుతుంది. తరగతులు నాలుగు. ఆఫీసు పనిదినాలు వారానికి 5. ఒక్కో తరగతికి ఒక్కో రోజు ఖాయం చేస్తే నాలుగు రోజులు నిండుతాయి, ఐదోది మిగులుతుంది. ఆ ఐదో రోజును నాలుగు తరగతులూ వంతులవారీగా పంచుకుంటాయి, ఒక్కో వారం ఒక్కో తరగతి. దాంతో నాలుగు వారాల 20 పనిదినాల్లో ప్రతి పిల్లకూ సరిగ్గా 5 రోజులు ఆఫీసు, 15 రోజులు బడి. అవతల కంపెనీలో ఆ కుర్చీ ఒక్క రోజైనా ఖాళీగా ఉండదు.

దీన్ని ఏడాదికి సాగదీసి చూద్దాం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బడి ఏడాదికి 180 రోజులు. ఆ లెక్కన 45 రోజులు ఆఫీసులో, 135 రోజులు తరగతిలో. నాలుగేళ్లకు ఆఫీసు రోజులు మొత్తం 180. ఈ అంకె దగ్గర కొంచెం ఆగాలి. హైస్కూలు ముగించేసరికి ఆ పిల్ల ఒక విద్యాసంవత్సరమంత కాలం ఉద్యోగంలో గడిపేసి ఉంటుంది.

మరి పోయిన పాఠాల మాటేమిటి? మామూలు బడిలో రోజుకు 6 గంటల చొప్పున 20 రోజులకు 120 గంటల పాఠం అనుకుందాం. అదే 120 గంటలు 15 రోజుల్లో చెప్పాలంటే రోజుకు 8 గంటలు కావాలి. అందుకే ఈ బడుల్లో పగలు పొడుగు. కొన్నిచోట్ల ఏడాదీ పొడుగే. పేద పిల్లల చదువులోంచి నాలుగో వంతు రోజులు తీసుకుంటున్నారని ఎవరైనా విమర్శిస్తే, ఆ విమర్శ న్యాయమైనదే. ఆ గంటలు తిరిగి ఇస్తున్నారా లేదా అన్నది ప్రతి బడిలోనూ టైంటేబుల్ తెరిచి చూడాల్సిన విషయం.

చట్టం సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికా కార్మిక చట్టం 1938 నాటిది. దాని నియమాల ప్రకారం 14, 15 ఏళ్ల పిల్లలు బడి సమయంలో పనిచేయకూడదు. బడి ఉన్న రోజున 3 గంటలు, వారానికి 18 గంటలు మించకూడదు. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు 14 ఏళ్లే! ఈ ముడి పూర్తిగా విడిపోయింది 2010లో. ఆ ఏడాది ఫెడరల్ కార్మిక శాఖ కాలేజీకి సిద్ధం చేసే చదువుల కోసమే ఒక ప్రత్యేక నియమం తెచ్చింది. నాలుగు వారాల చక్రంలో మూడు వారాలు వారానికి ఒక్క రోజు, నాలుగో వారం రెండు రోజులు, రోజుకు 8 గంటలు మించకుండా బడి సమయంలో పనిచేయవచ్చు. వారానికి 18 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంది. 3 రోజులకు 2 కలిపితే 5. క్రిస్తో రే 14 ఏళ్ల ముందు కనిపెట్టిన లెక్కే చట్టం భాషలోకి ఎక్కింది. ప్రమాదకరమైన పనులకు మాత్రం ఎవరినీ పంపడానికి వీల్లేదు.

ఇక డబ్బు. కంపెనీ ఒక్కో నలుగురి బృందానికి ఏడాదికింత అని బడికి చెల్లిస్తుంది. ఇది ఊరిని బట్టి మారుతుంది. లెక్క కోసం 32 వేల డాలర్లనుకుందాం. ఒక్కొక్కరి వాటా 8 వేలు. 45 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 360 గంటల పని, అంటే గంటకు 22 డాలర్ల పైచిలుకు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అదే రేటుకు ఆ 360 గంటలకు పిల్లకు దక్కేది 2,610 డాలర్లు. ఫైళ్లు సర్దే పదిహేనేళ్ల పిల్లకు మూడు రెట్లు ఎందుకిస్తారు? కొంత దాతృత్వం, ఇందులో దాపరికమేం లేదు. మిగతాది వ్యాపారమే. మనిషిని వెతకడం, తర్ఫీదు, రవాణా అన్నీ బడే చూసుకుంటుంది. చిల్లర పని ఏడాది పొడుగునా ఆగకుండా జరిగిపోతుంది.

ఈ సంపాదన బడిని బట్టి మొత్తం ఖర్చులో సగానికి అటూ ఇటూ తీరుస్తుంది. కుటుంబం తన ఆదాయాన్ని బట్టి ఎంతో కొంత కడుతుంది, అది సాధారణంగా పదో వంతుకు మించదు. మిగతాది విరాళాలు, కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ వోచర్లు. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వ ఖజానా నుంచి వెళుతోంది. షికాగోవారు అదే భారాన్ని ఆఫీసుల వైపు తిప్పారు.

లెక్కలు పక్కనబెట్టి ఆ పిల్లల రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. తొమ్మిదిలో చేరేముందు వేసవిలోనే తర్ఫీదు. ఫోనెత్తి ఎలా పలకాలి, కళ్లలోకి చూస్తూ కరచాలనం ఎలా చేయాలి, ఈమెయిల్ ఎలా రాయాలి, ఎక్సెల్‌లో అంకెలు ఎలా ఎక్కించాలి. పని రోజున అందరూ ముందు బడికి చేరతారు, చొక్కా టక్ చేసి, టై కట్టుకుని. ప్రార్థన అయ్యాక బస్సులు, వ్యాన్లు వాళ్లను బ్యాంకులకు, న్యాయవాదుల సంస్థలకు, ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు చేరుస్తాయి. స్కానింగ్, డేటా ఎంట్రీ, టపా పంచడం, రిసెప్షన్‌లో కూర్చోవడం. సాయంత్రం తిరిగి బడికి. పనితీరు మీద కంపెనీ రిపోర్టు రాస్తుంది. ఉద్యోగం పోగొట్టుకునే పిల్లలూ ఉంటారు. వాళ్లకు మళ్లీ తర్ఫీదిచ్చి మరోచోట నిలబెడతారు.

అమ్మ ఎవరి ఇళ్లో తుడిచే పిల్ల, నలభయ్యో అంతస్తులో సొంత గుర్తింపు కార్డుతో తలుపు తెరుచుకుని లోపలికి వెళ్లడం గురించి ఆలోచిస్తే నాకు గొంతు పట్టేస్తుంది. ఫీజు మాట అలా ఉంచి, ఈ పద్ధతి పిల్లలకిచ్చే పెద్ద వస్తువు ఇదేనని నా నమ్మకం. డాక్టర్లు, లాయర్లు ఎలా మాట్లాడుకుంటారో, పొరపాటు జరిగితే ఎలా ఒప్పుకుంటారో, ఆ కొలువుకు ఏ చదువు కావాలో మధ్యతరగతి పిల్లలకు ఇంట్లో మేనమామలూ బాబాయిలూ చెప్పేస్తారు. ఈ పిల్లలకు ఆ మేనమామ ఆ ఆఫీసే.

మిగతా రోజుల్లో ఇది మామూలు కథోలిక ప్రెప్ బడి. నాలుగేళ్లూ ఇంగ్లిషు, లెక్కలు, సైన్సులతో పాటు మత పాఠం. దివ్యబలిపూజ, రిట్రీట్‌లు, సేవా కార్యక్రమాలు. బడి అయ్యాక బాస్కెట్‌బాల్, సాకర్. ఇతర విశ్వాసాల పిల్లలనూ చేర్చుకుంటారు. చదువు ముగించే విద్యార్థి ఎలా ఉండాలన్నదానికి అమెరికాలోని యేసు సభ హైస్కూళ్లు 1980లో 5 లక్షణాలు రాసుకున్నాయి: ఎదుగుదలకు సిద్ధపడే మనసు, మేధాశక్తి, భక్తి, ప్రేమ, న్యాయం కోసం నిలబడడం. క్రిస్తో రే బడులు ఆరోదాన్ని చేర్చుకున్నాయి, పని అనుభవం.

షికాగో నమూనా త్వరగానే పాకింది. ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 2001లోనే రెండో బడి మొదలైంది. 2003లో గేట్స్ ఫౌండేషన్, కాసిన్ ఫౌండేషన్ పెద్ద మొత్తాలు ఇచ్చాక వేగం పెరిగింది. ఇవాళ సుమారు 40 బడులు, 12 వేలకు పైగా పిల్లలు. 2008లో ఫోలీకి అధ్యక్షుడి చేతుల మీదుగా పౌర పతకం దక్కింది.

అయితే ఉద్యోగం మీద నిలిచే బడికి ఉద్యోగాలు లేకపోతే ఏమవుతుంది? నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో 2007లో తెరిచిన బడి 2011లో మూతపడింది. మాంద్యం కాలంలో చాలినన్ని ఉద్యోగాలు దొరకలేదు. మామూలు బడి పిల్లలను వెతుక్కుంటే చాలు. ఈ బడి పిల్లలనూ కంపెనీలనూ కూడా వెతుక్కోవాలి. వంద మంది పిల్లలు చేరితే పాతిక కుర్చీలు కావాలి. 2020లో ఆఫీసులు మూతపడ్డప్పుడు ఇళ్ల నుంచే పని చేయించడం తప్ప దారి లేకపోయింది.

చివరగా, అందరూ ముందు చెప్పే అంకె. ఇలాంటి ప్రెప్ బడుల ప్రచారంలో మా పిల్లల్లో 100 శాతం మందికి కాలేజీ సీట్లు వచ్చాయని కనిపిస్తుంది. కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు చూసి పెరిగిన మనకు ఆ అంకెను ఎక్కడ గిల్లి చూడాలో తెలుసు. వందలో అంటే ఎవరి వందలో? తొమ్మిదిలో 100 మంది చేరి, నడుమ 35 మంది వెళ్లిపోయి, మిగిలిన 65 మందికీ సీట్లొస్తే అది 100 శాతమూ అవుతుంది, 65 శాతమూ అవుతుంది. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవే గానీ, బరువైన పగలూ ఆఫీసూ కలిసిన ఇలాంటి బడుల్లో మధ్యలో మానేసేవారు ఉంటారన్నది నిజం. సీటు రావడం వేరు, పట్టా పుచ్చుకోవడం వేరు. అమెరికాలో ఆదాయం రీత్యా అట్టడుగు పాతిక శాతం కుటుంబాల్లో 24 ఏళ్లు నిండేసరికి డిగ్రీ చేతికొచ్చేది పది మందిలో ఒకరికి, మహా అయితే కొంచెం ఎక్కువమందికి. పై పాతిక శాతంలో సగానికి మించే. కాబట్టి నన్నడిగితే చూడాల్సిన అంకె మూడోది: తొమ్మిదిలో చేరిన ప్రతి వంద మందిలో, పదేళ్ల తర్వాత డిగ్రీ పట్టా ఎందరి చేతిలో ఉంది? కాలేజీల రికార్డుల నుంచి దాదాపు అందరి చదువునూ వెంబడించే జాతీయ వ్యవస్థ ఒకటి అమెరికాలో ఉంది, ఈ బడులు తమ పిల్లల లెక్కను అందులోంచే తీసుకుంటాయి. అంకె చిన్నదైనా దాన్నే ముందు పేజీలో వేసుకునే బడిని నేను ఎక్కువ నమ్ముతాను.

1996లో చేరిన తొలి పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. వాళ్లు కూర్చున్నటువంటి కుర్చీలో ఇవాళ కూడా ఏదో ఒక మంగళవారం ఒక తొమ్మిదో తరగతి పిల్ల కూర్చుంటుంది. సాయంత్రం వ్యాను వచ్చేలోగా ఆమె చేయాల్సిన పని ఒకటి మిగులుతుంది: ఏ ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో చీటీ రాసి, బుధవారం వచ్చే పదో తరగతి అక్క కోసం బల్ల మీద పెట్టడం.