తల్లుల అంగడి

తల్లి వర్తకమునకు దిగినచో ఆమెకు కావలసినది మూలధనమొక్కటే యని సామాన్యముగా తలంచుచుందుము. చేతిలో నాలుగు డబ్బులు పెట్టిన చాలును, తక్కినది దానంతట అదే సాగునని చెప్పువారును కలరు. కాని అంగడిలో కూర్చుండు తల్లి దినచర్యను కొంచెము పరికించినచో, డబ్బు గాక మరి నాలుగు విషయములందు ఆమె యిబ్బంది పడుచున్నదని తెలియగలదు. బిడ్డకు జ్వరము వచ్చిన నాడు అంగడి చూచువారు కావలెను. నేటి ధర యెట్లున్నదో ఉన్నదున్నట్లు చెప్పువారు కావలెను. సరకు అరువు తెచ్చుకొన్నప్పుడు హామీగా ఒక మాట చెప్పువారు కావలెను. కూర్చున్న చోటునుండి యెవరైన లేపివేయవచ్చినప్పుడు ప్రక్కన నిలుచువారు కావలెను. ఈ నాలుగును సొమ్ము పెట్టి కొనదగినవి కావు. తోడి వర్తకురాండ్ర వలననే లభింపవలెను.

ఈ సంగతిని అనుభవము వలన గ్రహించి, తరతరములుగా ఆచరించుచున్న స్త్రీలు మన దేశమునందే యున్నారు. వారి అంగడిని గూర్చి ఈ ప్రసంగములో కొంత ముచ్చటింతము.

మణిపుర రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన ఇంఫాలు నడిబొడ్డున ఖ్వైరంబంద్ అను బజారు కలదు. ప్రజలు దానిని 'ఇమా కైథెల్' అని పిలుతురు. మణిపురీ భాషలో 'ఇమా' యనగా అమ్మ, 'కైథెల్' అనగా అంగడి. పేరునకు తగినట్లే అచ్చట అమ్మువారందరును స్త్రీలే. అందును వివాహమైన స్త్రీలకే చోటిచ్చుట ఆచారము. పురుషులు వచ్చి కొనుక్కొని పోవచ్చును, మూటలు మోయవచ్చును. దుకాణము పెట్టుకొనుటకు మాత్రము వీలులేదు. మూడువేలకు పైబడిన స్త్రీలు ఆ బజారునే నమ్ముకొని సంసారములు గడుపుచున్నారు. లోక్తాక్ సరస్సు చేపలు, పులియబెట్టిన 'ఙారి' చేప, 'చాఖావ్' అను నల్లబియ్యము, ఆకుకూరలు, పూలు, కుండలు, వెదురుబుట్టలు, స్త్రీలు కట్టుకొను 'ఫనెక్' అను నేతబట్టలు అచ్చట రాసులు పోసి యుండును.

ఈ అంగడి 16వ శతాబ్దము నాటిదని ప్రతీతి. స్త్రీల చేతికి వర్తకము వచ్చుటకు చరిత్రకారులు చెప్పు కారణము గమనింపదగినది. రాజుల కాలమున మణిపురమందు 'లల్లుప్' అను వెట్టికొలువు ఉండెడిది. వయసు వచ్చిన ప్రతి పురుషుడును నలువది దినములలో పది దినములు రాజుగారి పని చేయవలెను. యుద్ధము వచ్చెనా, ఇంటిముఖము చూచుట యెప్పుడో తెలియదు. మగవాడు లేని యింట సేద్యమును, నేతయు, పండినదానిని అమ్ముకొనుటయు ఆడుదానిపై పడినవి. 1892వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము లల్లుపును తీసివేసెను. అంగడి మాత్రము స్త్రీల చేతిలోనే నిలిచిపోయెను.

ఇక ఆ అంగడి నడచు తీరును చూతము. అచ్చటి చోటు సాధారణముగా తల్లినుండి కూతునకో, అత్తనుండి కోడలికో సంక్రమించును. సంక్రమించునది నాలుగడుగుల నేల మాత్రమే కాదు. ఏ పల్లెనుండి మంచి సరకు వచ్చునో, ఏ బేరగాడు మాట నిలుపుకొనునో, ఏ నెలలో ఏది చౌకయో తెలిసిన తెలివియు దానితోపాటు సంక్రమించును. పెద్దామె ప్రక్కన కొన్నాళ్ళు కూర్చుండి చిన్నామె పని నేర్చుకొనును. వ్యాపారమును నేర్పు బడి వారికి అదియే.

ఒకేరకము సరకు అమ్మువారు ఒకచోటనే కూర్చుండుట అచ్చటి మరియొక పద్ధతి. చేపల వారందరు ఒక దిక్కున, బట్టల వారందరు ఒక దిక్కున ఉందురు. పోటీదారులు ప్రక్కప్రక్కన కూర్చున్నచో జగడములు రావా యని మనకు సందేహము కలుగవచ్చును. జగడములు వచ్చుట లేదని మేము చెప్పము. అయినను, సరకంతయు ఒకచోట నున్నదని తెలిసి కొనువారు నేరుగా అచ్చటికే వత్తురు. ధర యెవరికిని దాగదు. ఒకామె ఇంటికి పోయినచో ప్రక్కనున్న ఆమె అదే సరకు తెలిసినది గనుక ఆమె బేరమును చూడగలదు. దూరముగా విడివిడిగా కూర్చున్నవారికి ఈ సౌకర్యము లేదు.

మూడవది 'మారుప్'. ఈ మాటకు మణిపురీ భాషలో స్నేహితుడని అర్థము. కొందరు చేరి, విడతకింతయని తలకొక మొత్తము వేసికొని, కూడినదానిని వంతుల వారీగా ఒక్కొక్కరు పుచ్చుకొను ఏర్పాటునకు ఆ పేరే పెట్టిరి. మన చీటీ వంటిదే యది. పదిమంది స్త్రీలు వారమునకు 500 రూపాయల చొప్పున వేసిరనుకొందము. వారము వారమును 5000 రూపాయలు కూడును. పదివారములలో ప్రతి స్త్రీకిని ఒక పర్యాయము ఆ మొత్తము చేరును. మొదట పుచ్చుకొన్నామెకు అది వడ్డీలేని అప్పు. కడపట పుచ్చుకొన్నామెకు అది కూడబెట్టుకొన్న సొమ్ము. దీని విలువ తెలియవలెనన్నచో మన కూరగాయల బజారులలో నడచు అప్పును తలచుకొనవలెను. ఉదయము 900 రూపాయలిచ్చి సాయంత్రము 1000 రూపాయలు పుచ్చుకొన్నచో, అది ఒక్క దినమునకు నూటికి పదకొండు రూపాయల వడ్డీ యగును. అంత వడ్డీ కట్టుకొనుచు యే తల్లి అంగడి నిలువగలదు?

సొమ్ము పుచ్చుకొన్నామె మాట తప్పినచో గతి యేమని అడుగవచ్చును. మరునాడు ఆమె అదే చోట, ఆ స్త్రీల నడుమనే కూర్చుండవలెను గదా! ఆ చోటే హామీ, ఆ ముఖపరిచయమే పత్రము.

నాలుగవది కష్టకాలమున ఒక్కమాటపై నిలుచుట. 1904వ సంవత్సరమున ఇంఫాలులో ఇంగ్లీషు అధికారి బంగళా కాలిపోగా, దానిని వెట్టిచాకిరితో తిరిగి కట్టవలెనని పురుషులకు ఉత్తరువు వచ్చెను. దానిని ఎదిరించి వీధికెక్కినది స్త్రీలు. 1939వ సంవత్సరమున బియ్యమును పైప్రాంతములకు ఎగుమతి చేయుటవలన ధరలు పెరిగి ఊరివారికి తిండి కరవయ్యెను. డిసెంబరు 12వ తేదీన స్త్రీలు గుంపులుగా వచ్చి, దర్బారు అధ్యక్షుని తంతి కార్యాలయమునకు తోడ్కొనిపోయి, ఊరిలో లేని మహారాజునకు ఎగుమతి నిలుపవలెనని తంతి పంపించిరి. సిపాయిల బాయినెట్ల వలన పలువురు గాయపడిరి. ఎగుమతి ఆగెను. ఆ ఉద్యమమును మణిపుర ప్రజలు 'నుపీ లాల్', అనగా స్త్రీల యుద్ధము, అని నేటికిని స్మరించుచున్నారు. దినదినమును ప్రక్కప్రక్కన కూర్చుండి ధరలు మాటలాడుకొను అలవాటు లేనిదే అంతమంది ఒక్కపూటలో కూడుట సాధ్యమయ్యెడిది కాదు.

ఇంతవరకు గుణములు చెప్పితిమి. లోపములను దాచుట న్యాయము కాదు. చోటు దొరకని స్త్రీలు బజారు వెలుపల వీధి ప్రక్కలనే కూర్చుండి అమ్ముకొనవలసి యున్నది. పెండ్లి కానివారికి ఆచారమే అడ్డము. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. పరస్పర సహాయము ఒకరికి వచ్చిన కష్టమును తొమ్మండుగురు పంచుకొనుటకు పనికివచ్చును. కష్టము పదుగురికిని ఒకేసారి వచ్చినచో పంచుకొనువారెవరు? 2010వ సంవత్సరమున క్రొత్త కట్టడములలోనికి వచ్చిన ఈ బజారు 2016 జనవరి 4వ తేదీ భూకంపమున దెబ్బతిన్నది. 2020లో కోవిడ్ కారణమున మూతవడినది. 2023 మే నెలలో రాష్ట్రమున చెలరేగిన హింసాకాండవలనను, కర్ఫ్యూలవలనను వర్తకము చెదరినది. అట్టి సమయమున మారుప్‌లో చేరిన ప్రతి స్త్రీకిని సొమ్ము కావలెను. వేయుటకు మాత్రము ఎవరివద్దను ఉండదు.

కావున చిన్నసంఘము తనకంటె పెద్దదానితో ముడివడి యుండుట అవసరము. ఈ విషయమున మన తెలుగు పొదుపుసంఘముల అనుభవము చెప్పదగినది. 1992వ సంవత్సరమున నాబార్డు దేశమందు 500 స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయోగమును ప్రారంభించెను. ఆ మార్గమున తెలుగుజిల్లాల స్త్రీలు ఎంతయో ముందునకు సాగిరి. పదిమంది సంఘము గ్రామసమాఖ్యలోను, గ్రామసమాఖ్య మండలసమాఖ్యలోను చేరును. ఒక ఊరి కష్టమునకు మరియొక ఊరి పొదుపును, బ్యాంకు ఋణమును ఆసరా యగును. ముఖపరిచయము అచ్చటను హామీయే; కాని డబ్బు మాత్రము ఆ పదిమంది వద్దనుండియే రావలసిన పనిలేదు.

వీధిలో అమ్ముకొను తల్లులు తెలిసికొనదగిన శాసనమొకటి కలదు. 2014వ సంవత్సరపు వీధివర్తకుల చట్టము ప్రకారము ప్రతి పట్టణమందును ఏర్పడు విక్రయసంఘములో నూటికి నలుబదిమందికి తక్కువ గాకుండ వీధివర్తకుల ప్రతినిధులుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు కావలెను. ఎవరిని ఎచ్చట కూర్చుండనీయవలెనను నిర్ణయములలో ఆ సంఘమునకు పాలు కలదు. ఒంటరిగా పోయి అడిగినవారి మాటకంటె పదుగురు కూడి పంపిన ప్రతినిధి మాటకు అచ్చట విలువ యెక్కువ.

మన వీధిలోనే ఒకామె పచ్చళ్ళు పెట్టి అమ్ముచుండును, ఒకామె రవికలు కుట్టుచుండును, ఒకామె ఇడ్లీలు వేయుచుండును. ఒకరి సంగతి ఒకరికి తెలియకయే యేండ్లు గడచుచుండును. వారానికొకసారి ఒకరి అరుగుమీద కూడి, సరకు ఎచ్చట చౌకగా దొరకునో చెప్పుకొనినను, ఒకామె పురిటికి పోయిన నెలలో ఆమె వాడుకలను చేయిజారకుండ చూచినను, వ్రాతమూలకమైన లెక్కతో కొంత పొదుపు చేసి సంఘము పేర బ్యాంకులో ఖాతా తెరచినను మేలు. మొదటి కూటమునకు ఐదుగురు వచ్చిన చాలును. ఇంఫాలు తల్లులకున్నంత పెద్ద బజారు అందుకు అవసరము లేదు.