కల్యాణులో తయారైన ఫ్రెంచి కారు

కామాఠిపుర వీధులలో పెరిగిన మన పెద్దలకు కారనగానే ముందుగా స్ఫురించునది నలుపు పసుపు రంగుల పద్మినీ టాక్సీ. ఆ పద్మినిని తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్సు సంస్థయే 1990 దశకములో ఒక ఫ్రెంచి కుటుంబ కారును గూడ మన పొరుగుననున్న కల్యాణులో తయారుచేసినది. దాని పేరు ప్యూజో 309. ఆ సంగతి నేటి విద్యార్థులలో ఎందరెరుగుదురు?

ఈ కారు పుట్టుక వింతయైనది. ఫ్రాన్సు దేశమున సిమ్కా యను కంపెనీ యుండెడిది. అది 1930 దశకమున ఇటలీవారి ఫియట్ నమూనా కార్లను చేయుటతో వ్యాపారమారంభించినది. 1978లో ప్యూజో కంపెనీ కొన్న సంస్థలలో సిమ్కాయు నొకటి. ఆ తరువాత టాల్బో యను పేరుతో వెలువడవలసిన కారే 1985లో ప్యూజో 309గా అమ్మకమునకు వచ్చినది. మన పద్మినికి మూలము ఫియట్ 1100. కావున ఈ రెండు కార్లకును దూరపు చుట్టరికమున్నదనవచ్చును.

అయినను వాని బ్రతుకులు వేరు. 309 ఉత్పత్తి ఆ దశకము ముగియకముందే ఆగిపోయినది. పద్మిని టాక్సీగా 2023 అక్టోబరు వరకు ముంబయి వీధులలో తిరిగినది. కారణమేమి? పద్మిని యంత్రము సులభమైనది. దానిని విప్పి బిగింపగల మెకానిక్కు ప్రతి పేటలోను ఉండెను. విడిభాగములకు కొదువ లేదు. కొలది కాలమే తయారైన 309కు అట్టి బలగము ఏర్పడలేదు. కారును బ్రతికించునది ఇనుము కాదు. దానిని ఎరిగిన చేతులు.

అందుచేత నేడు 309ను పునరుద్ధరింపగోరువారు ఓర్పుతో పని సాగింపవలెను. మొదట చూడవలసినది రంగు కాదు, తుప్పు. సముద్రపు గాలికి, వానకాలపు నీటికి తలుపుల క్రింది అంచులు, అడుగు రేకులు తినిపోవును. పైన రంగు పూసి దానిని దాచుట రోగమును దుప్పటితో కప్పుటయే. చెడిన రేకును కోసి, క్రొత్త రేకు అతికించవలెను. పిదప ఎండి పగిలిన రబ్బరు గొట్టములను, టైమింగు బెల్టును మార్చవలెను. బెల్టు తెగినచో ఇంజనులోని వాల్వులు పిస్టనులకు తగిలి వంగిపోవచ్చును. విప్పిన ప్రతి మరను, ప్రతి చీలను పేరు వ్రాసిన పొట్లములలో భద్రపరుపవలెను. దొరకని భాగముల కొరకు మనకు దగ్గరనే యున్న చోర్‌బజారు దుకాణములలో వెదుకవచ్చును.

చట్టమును గూడ మరువరాదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. తరువాత తనిఖీలో నెగ్గినచో 5 ఏండ్లకొకమారు పొడిగింతురు. 50 ఏండ్లు దాటిన కార్లకే వింటేజి గౌరవము. 309కు ఆ వయస్సు ఇంకను రాలేదు.

విద్యార్థులారా! తెలుగు నేల నుండి వచ్చి, ఈ నగరపు కట్టడములకై చెమటోడ్చిన కామాఠీల పేరే మన పేటకు నిలిచినది. చేతిపని మనకు చిన్నతనము కాదు. తలిదండ్రులారా! మీ బిడ్డ పాత యంత్రమును విప్పి చూచుచున్నచో కోపింపక, తిరిగి బిగించుట గూడ నేర్చుకొమ్మని చెప్పుడు. విప్పుట ఎవరైన చేయగలరు, బిగించుటయే విద్య.