పాకం కుదిరింది... లెక్క కుదరాలి!

ఏలూరు : పెళ్ళి ముహూర్తం పెట్టించిన మర్నాడే ఇంట్లో మొదలయ్యే మాట సారె. అరిసెలు ఎన్ని, సున్నుండలు ఎన్ని, కజ్జికాయలు ఎన్ని, ఇంతకీ ఎవరు చేస్తారు? వెనుకటి రోజుల్లో ఈ చివరి ప్రశ్న ఉండేది కాదు. మేనత్తలు, పిన్నులు నాలుగు రోజుల ముందే వచ్చి దిగేవారు. పెరట్లో గాడిపొయ్యి తవ్వి, పిండి కొట్టి, పాకం పట్టి బిందెలకు బిందెలు నింపేవారు. ఇప్పుడు మేనత్త హైదరాబాదులో ఉంటుంది, పిన్ని అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళి ఉంటుంది. పెరడున్న చోట అపార్టుమెంటు లేచింది. సారె ఆనవాయితీ మాత్రం తప్పలేదు.

ఆ ఖాళీలోనే ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాల్లో ఇళ్ళలో పిండివంటలు చేసి అమ్మే వ్యాపారం వేళ్ళూనుకుంది. దీనికి బోర్డు అక్కరలేదు, షాపు అద్దె లేదు. "ఫలానా వారింట్లో సున్నుండలు కమ్మగా ఉంటాయట" అన్న మాట వీధి దాటితే చాలు. మొదట పక్కింటి శ్రీమంతానికి, ఆ తర్వాత వారి వియ్యాలవారి ఇంటికి, ఆపైన విమానం ఎక్కే పిల్లవాడి పెట్టెలోకి. సరదాగా చేసి పెట్టిన ఇల్లాలు ఒకనాటికి ఆర్డర్ల పుస్తకం పట్టుకుంటుంది. క్రిస్మస్‌కి కేకులు నేర్చుకుని, తర్వాత పుట్టినరోజు కేకులు చేసి ఇస్తున్న ఆడపిల్లలదీ ఇదే దారి. వారికి పాకంతో పనిలేదు, ఓవెన్ ఉంటే చాలు.

చేతిపనిలో వీరికి ఎవరూ వంక పెట్టలేరు. అరిసెల సంగతే చూడండి. బియ్యం పగలూ రాత్రీ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వాడ్చిన బియ్యం తడి ఆరకముందే పిండి పట్టి జల్లించాలి. బెల్లం పాకం నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే ఉండ కట్టాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పన్ను విరుగుతుంది. బెల్లం అచ్చు మారితే పాకం నడకే మారిపోతుంది. ఇదంతా గడియారం చూసి చేసేది కాదు, చేతికి తెలిసేది. ఇంత తెలిసిన చేతులు కూడా రెండు సంక్రాంతులు తిరిగేసరికి "ఇక మా వల్ల కాదు" అని పొయ్యి ఆర్పేస్తున్నాయంటే తప్పు పాకంలో లేదు.

గంటకు పదహారు రూపాయలు

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. ఒక ఇల్లాలు తోటికోడలితో కలిసి 5 కిలోల సున్నుండలు చేసిందనుకుందాం. మినుములు, బెల్లం, నెయ్యి కలిపి కిలోకి 400 రూపాయల చొప్పున 2,000 రూపాయలు అయ్యాయి. తెలిసిన వాళ్ళే కదా అని కిలో 500కి ఇచ్చింది. చేతికి 2,500 వచ్చాయి. 500 మిగిలిందని ఇంటిల్లిపాదీ సంతోషం.

ఆ 500లో గ్యాసుకు 100 పోయింది. అట్టపెట్టెలకు 75. రుచి చూడమని పెట్టినవి, విరిగినవి, ఇంట్లో పిల్లలు పట్టుకుపోయినవి కలిపి పావుకిలో, అంటే 125. మిగిలింది 200. మినుములు వేయించడం దగ్గర్నుంచి పెట్టెకు దారం కట్టేదాకా ఇద్దరూ ఆరేసి గంటలు పనిచేశారు. పన్నెండు గంటలకు 200 రూపాయలు! గంటకు పదిహేడు కూడా పడలేదు. దాళ్వా నాట్లకు వెళ్ళిన కూలి మనిషికి గిట్టుబాటయ్యేది దీనికి ఎన్నో రెట్లు. అదే గంటకు 60 రూపాయలైనా తమకు కూలి వేసుకుంటే కిలో 600 దాటి చెప్పవలసి వచ్చేది.

ఇక్కడే నోరు పెగలదు. సరుకుల చీటీకి ధర వేయడం అందరికీ వచ్చు. సొంత రెక్కల కష్టానికి ధర చెప్పాలంటే మొహమాటం. కొనేవారు కూడా తక్కువ తినలేదు. దుకాణంలో మారుమాట్లాడకుండా డబ్బిచ్చే మనిషే ఇంటికొచ్చేసరికి "ఏంటమ్మాయ్, మనలో మనకు కూడా ఈ రేటేనా?" అంటారు. మనలో మనకు కాబట్టే అసలైన నెయ్యి పోశామన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు. పామోలిన్, డాల్డా కలిపిన సరుకుతో ధరలో పోటీకి దిగిన ఇల్లు నిలవదు. ఇంటి సరుకు అమ్ముడయ్యేది నేతి వాసనకు, నమ్మకానికి.

మరో చిక్కు సారె లెక్కలోనే ఉంది. సారె మాట్లాడుకునేది నూటపదహార్లలో, సరుకులు తెచ్చుకునేది కిలోల్లో. ఉండ 40 గ్రాములు చుడితే 116 సున్నుండలు 4 కిలోల 640 గ్రాములు తూగుతాయి. మొదటి ఆర్డరు కదా, నిండుగా ఉండాలని 50 గ్రాములు చుడితే అవే 116 ఉండలు 5 కిలోల 800 గ్రాములు. కిలోకి పైగా సున్ని ఉచితంగా వెళ్ళిపోయింది. చిన్న కాటా ఒకటి కొనుక్కుని మొదటి నాలుగు ఉండలు తూచి చూసే ఇళ్ళలో ఈ నష్టం లేదు.

కొల్లేటి గాలి

రెండు డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. వానాకాలంలో ఇక్కడి గాలే తడి. డబ్బా మూత తీసి ఉంచితే బెల్లం సరుకు చెమ్మగిల్లుతుంది, చేగోడీ మెత్తబడుతుంది. ఏ వంటకు ఎంత ఆయుష్షో తెలియకుండా ఆర్డరు ఒప్పుకుంటే పేరు పోతుంది. నీటి చుక్క తగలని సున్నుండ తడిలేని డబ్బాలో నెలరోజులైనా నిలుస్తుంది. పచ్చికొబ్బరి లౌజు, పాలకోవా అలా కాదు. తడి ఎక్కువైన చోట బూజు తొందరపడుతుంది. పూర్తిగా ఆరకుండా పెట్టెలో సర్దిన అరిసెలకూ అదే గతి. లోపలి ఆవిరి మూతకు పట్టి మళ్ళీ వాటిమీదే పడుతుంది.

కొల్లేటి లంక గ్రామాల ఆడవారికి సారె ఆర్డర్లు, అమెరికా పెట్టెలు అంతగా అందే వ్యవహారం కాదు. వారు చేసే జంతికలు, చేగోడీలు, బెల్లం ఉండలు చిన్న ప్యాకెట్లుగా కట్టి కిరాణా కొట్లకు వేయాలి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం వస్తే నాలుగు డబ్బులు కళ్ళ చూడవచ్చు. మిగతా రోజుల్లో కొట్టువాడు సరుకు అమ్ముడయ్యాకే డబ్బంటాడు, మెత్తబడినవి తిప్పి పంపుతాడు. వరద వస్తే దారే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. అటువంటి రోజుల్లో కాచిన నూనె, కలిపిన పిండి ఎవరి ఖాతాలో రాయాలి? పట్నంలో పాఠాలు చెప్పే శిక్షణ తరగతుల్లో ఈ పద్దు కనిపించదు.

వశిష్ఠ దాటితే

ఇంటి పనితనం ఊరి వ్యాపారమైతే ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. గూడెం నుంచి తణుకు మీదుగా సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం చేరి, లొల్ల లాకుల వైపు తిరిగితే ఆత్రేయపురం. ఇప్పుడది కోనసీమ జిల్లాలో ఉంది. ఇళ్ళలో బోర్లించిన కుండల కింద కొబ్బరాకుల మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. పిండికి జయ రకం బియ్యం వాడటం అక్కడి ఆనవాయితీ. తడిపిన గుడ్డను జావలో ముంచి కాగిన కుండ మీద ఒక్క లాగు లాగితే క్షణాల్లో ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. దాన్ని చిరగకుండా ఎత్తడం ఏళ్ళ తరబడి చేస్తేగాని రాదు. ఆ రేకుల్లో నెయ్యి, పంచదార పొడి లేక బెల్లం పొడి వేసి మడిస్తే పూతరేకు.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక ఆ ఊరి పేరు పెట్టెమీద వేసి ఎవరుపడితే వారు అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు. రేకులు తెచ్చుకుని ఇక్కడ మడిచి అమ్ముకునే ఏలూరు ఇల్లాలు కూడా పెట్టెమీద 'పూతరేకులు' అని రాసుకోవచ్చుగాని, ఊరి పేరు తగిలించే ముందు ఆలోచించుకోవాలి. తాపేశ్వరం కాజాకు 1930ల్లో పొలిశెట్టి సత్తిరాజు తెచ్చిన పేరు ఒక దుకాణదారుడి పేరు. ఆత్రేయపురం పేరు అలా వచ్చింది కాదు. పొయ్యి ముందు కూర్చున్న వందల మంది ఆడవారి పేరు అది.

అయినా ఒక మాట చెప్పుకోవాలి. మంట ముందు కూర్చుని పొగ మింగుతూ రేకు తీసే మనిషికి ముట్టేది రేకుల లెక్కన వచ్చే డబ్బే. జీడిపప్పు, బాదంపప్పు వేసి మడిచి, రంగుల పెట్టెలో పెట్టి, పేరు అచ్చువేసిన వారికే అసలు ధర దక్కుతుంది. కష్టమైన పని ఒకరిది, ఖరీదైన పని మరొకరిది. ఏలూరులోనైనా, గూడెంలోనైనా ఈ వ్యాపారంలోకి దిగే ఆడవారు ముందుగా తేల్చుకోవలసింది తాము ఏ వైపు కూర్చుంటున్నామన్నదే. పెద్ద దుకాణానికి కిలోల లెక్కన సరుకు వేయడం సులువు, బేరం వెతుక్కోనక్కరలేదు. కాని పెట్టెమీద పేరు దుకాణానిది, మిగులూ దానిదే.

1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి ఒక మేడమీద అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. అదే తర్వాత లిజ్జత్ అప్పడంగా దేశమంతటికీ తెలిసింది. వారి పద్ధతి చిత్రమేమీ కాదు. సభ్యురాలు కలిపిన పిండి తీసుకుని ఇంటికి వెళ్ళి అప్పడాలు ఒత్తి తెస్తుంది, ఒత్తినదానికి కూలి తీసుకుంటుంది. పేరు అందరిదీ ఒక్కటే. యజమాని వేరే లేడు. వారిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. మన జిల్లాల్లో డ్వాక్రా సంఘాలకు కొదవలేదు. అప్పు తీసుకోవడంలో ఉన్న ఐకమత్యం ఒకే పేరు మీద సరుకు అమ్మడంలో ఇంకా అంతగా కనబడటం లేదు.

కాగితాలకు భయపడి

చాలామంది ఇల్లాళ్ళు ఇంట్లో అమ్మేదానికి కాగితాలేమిటని ఊరుకుంటున్నారు. 2006 నాటి ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చింది. ఏటా 12 లక్షల రూపాయలలోపు అమ్మకమున్న చిన్న తయారీదారులకు పెద్ద లైసెన్సు బాధ లేకుండా, ఏడాదికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషను చాలునని ఆనాటి నిబంధనల్లోనే పెట్టారు. ఒక కొబ్బరికాయల జత కొన్నంత ఖర్చు! రిజిస్ట్రేషనుతో వచ్చే 14 అంకెల సంఖ్య పెట్టెమీద ఉంటే కిరాణా కొట్టువాడు, కొరియరువాడు మారుమాట్లాడరు. దానితోపాటు ఏమేమి వేశారో, ఎంత తూకమో, ఏనాడు చేశారో, ఎప్పటిలోగా తినాలో రాయాలి. శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క ఉండాలి. దుకాణాల్లో పళ్ళేల్లో విడిగా పెట్టి అమ్మే మిఠాయిలకు కూడా ఎప్పటిలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన వచ్చింది.

నూనె సంగతి మరీ ముఖ్యం. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచడంపై 2018 జూలై 1 నుంచి ఆంక్ష ఉంది. ఇంట్లో పరికరాలు లేకపోయినా నూనె నల్లబడి, నురగ కట్టి, జిడ్డుగా సాగుతుంటే పారబోయవలసిందే. అది కూడా ధరలో వేసుకోవలసిన ఖర్చే.

పెట్టుబడి మాటకొస్తే, చిన్న ఆహార తయారీ పరిశ్రమల కోసం కేంద్రం 2020లో ప్రారంభించిన పథకంలో అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ, పొదుపు సంఘ సభ్యురాలికి 40 వేల రూపాయల మూలధనం ఏర్పాటు చేశారు. అయితే మొదటి ఏడాదిలోనే అప్పుచేసి పిండిమర, పెద్ద మూకుళ్ళు కొన్నవారికంటే ఉన్న సామానుతోనే నడిపి, ఏ వంటకు గిరాకీ ఉందో చూసుకుని తర్వాత కొన్నవారే తేలికపడుతున్నారు. అరువు విషయంలోనూ అంతే. సగం డబ్బు ముందు పుచ్చుకోనిదే బియ్యం నానబోయని ఇంట్లో పండుగ మర్నాడు బాకీల కోసం తిరగనక్కరలేదు.

ధనుర్మాసం పట్టగానే ఆర్డర్ల పుస్తకం తెరుస్తారు. ఇద్దరు మనుషులు రోజుకు ఎన్ని పాకాలు పట్టగలరో లెక్క తెలిసిన ఇళ్ళలో భోగికి పది రోజుల ముందే ఆ పుస్తకం మూసేస్తారు. తర్వాత ఎంత దగ్గరివారు వచ్చి అడిగినా కనుమ దాటాక రమ్మంటారు.