బ్రేకు కీచు, తలుపు కిర్రు... తేడా ఎందుకు?

విజయవాడ జంక్షన్‌లో గూడ్సు బండి ఆగుతుంటే ‘కీచ్...’మంటుంది, పిల్లలు చెవులు మూసుకుంటారు. పాత తలుపేమో ‘కిర్రు’మంటుంది. ఎందుకలా?

గచ్చు మీద ఇనుప కుర్చీ లాగి చూడండి (అమ్మ లేనప్పుడు!). కాలు పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. బ్రేకు దిమ్మకూ చక్రానికీ మధ్య రాపిడి కూడా అలాంటిదే. చక్రం సెకనుకు వేలసార్లు వణికితే ఒకటే సన్నని కీచు. తలుపు బందు దగ్గర పట్టూ జారూ నెమ్మది. అందుకే ఒక్కో కుదుపూ విడివిడిగా ‘ర్ర్‌ర్’ అని వినిపిస్తుంది.

మరి కీచుకే అంత చిరాకెందుకు? సెకనుకు సుమారు 3,000 కంపనాల శబ్దాన్ని మన చెవి గొట్టమే ఇంకాస్త పెంచి లోపలికి పంపుతుంది.

తలుపుకి రెండు చుక్కల నూనె చాలు. రైలు బ్రేకుకి మాత్రం వేయకూడదు, బండిని ఆపేదే ఆ రాపిడి!