టీబీ లెక్కలో మగవాళ్లు

టీబీ గాలిలో వచ్చే రోగం. దగ్గేవాడి పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆడా మగా అని చూడాల్సిన పని ఆ క్రిమికి లేదు. అయినా 2019–21లో ఊళ్లలోకే ఎక్స్‌రే బండ్లు తీసుకెళ్లి చేసిన జాతీయ టీబీ సర్వేలో, 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో లక్షకు 472 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు తేలింది. ఆడవాళ్లలో లక్షకు 154 మందికే. మూడింతల తేడా. ప్రపంచమంతటా వరస ఇదే: 2023లో కొత్తగా టీబీ వచ్చిన మగవాళ్లు 60 లక్షలు, ఆడవాళ్లు 36 లక్షలు.

ఈ లెక్క చెప్పగానే మన దగ్గర ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది. ఆడవాళ్లు దవాఖానకు ఎక్కడ పోతారు, ఇంట్లోనే దగ్గుకుంటూ పడి ఉంటారు, అందుకే లెక్కలోకి రాలేదు అని. చాలా రోగాల్లో ఇది నిజమే. కానీ సర్వే వాళ్లు దవాఖానలో కూర్చొని లెక్కపెట్టలేదు, జనం దగ్గరికే పోయారు. పైగా ఏటా దవాఖానల్లో నమోదయ్యే టీబీ రోగుల్లో ఆడవాళ్లు నూటికి 40 మంది దాకా ఉంటారు. ఊపిరితిత్తులు కాక గొంతు గడ్డలు, పొట్ట, ఎముకల టీబీని కూడా రిజిస్టరు కలుపుకుంటుంది, సర్వే కలపలేదు. ఆ తేడా తీసేసి చూసినా దవాఖానకు రాకుండా తిరుగుతున్న రోగుల్లో మగవాళ్లే ఎక్కువ. వేరే దేశాల సర్వేలూ ఇదే చెబుతున్నాయి. మన సర్వేలో టీబీ లక్షణాలున్న వంద మందిలో 64 మంది అసలు ఏ వైద్యుడి దగ్గరికీ పోలేదు. ఎందుకంటే అందులో ఎక్కువ మంది చెప్పింది ఒకటే: పట్టించుకోలేదు.

మరి మగవాళ్లకే ఎందుకు ఎక్కువ? వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూర్ సంగతి చూద్దాం. కాకతీయుల కాలంలో గోన గణపరెడ్డి రెండు గుట్టల మీద కట్టిన కోట ఈ ఊరికి పేరు తెచ్చింది. ఈ పక్క పల్లెలకు దేశమంతటా ఉన్న పేరు మాత్రం వేరు: పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) లేబర్. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ప్రాజెక్టు కాలువలకో సొరంగాలకో బొంబాయి కట్టడాలకో ఊళ్లకు ఊళ్లే పోయిన చరిత్ర ఇది. రాయి పగలగొట్టే చోట లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. టీబీ క్రిమిని మింగి చంపాల్సిన కణాలే ఆ ధూళికి దెబ్బతింటాయి. అక్కడ టీబీ ముదరడం తేలిక. దానికి బీడీ, మందు, గాలాడని రేకుల షెడ్డులో పక్కపక్కనే పడక కలిస్తే చెప్పేదేముంది! దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆరు నెలలు వాడాల్సిన మందు, పని మారి ఊరు మారితే మధ్యలో ఆగుతుంది.

వలసపోయింది మగవాళ్లొక్కరే కాదు, భార్యాభర్తలు జంటగా పోతారు. అదే ధూళి ఆమె ముక్కులోకీ పోతుంది. కాబట్టి తప్పంతా పని మీదికి, బీడీ మీదికి నెట్టేస్తే సరిపోదు, ఒంటి సంగతి కూడా చూడాలి. చిన్న పిల్లల్లో ఆడామగా తేడా పెద్దగా కనబడదు. ఈడొచ్చాకే మగవాళ్ల లెక్క పైకి లేస్తుంది. హార్మోన్ల మీదికి అనుమానం మళ్లింది ఇక్కడే. వృషణాలు తీసేసిన మగ ఎలుకలు టీబీని మెరుగ్గా తట్టుకున్నాయి. టెస్టోస్టిరాన్ ఎక్కించిన ఆడ ఎలుకల్లో టీబీ క్రిమికి దగ్గరి చుట్టమైన ఇంకో క్రిమి తెచ్చిన రోగం ముదిరింది.

మనుషుల మీద ఇలాంటి ప్రయోగం ఎవరూ చేయకూడదు. అయినా అమెరికాలోని కాన్సాస్‌లో మానసిక వైకల్యం ఉన్నవాళ్లను ఉంచే ఒక సంస్థలో ఒకప్పుడు మగవాళ్లకు వృషణాలు తీసేసేవారు. అది దుర్మార్గమే. ఆ రికార్డులను 1969లో పరిశీలిస్తే, అలా తీసేసినవాళ్లు మిగతావాళ్లకంటే 13 ఏళ్లకు పైగా ఎక్కువ బతికినట్టు తేలింది. ఈ తేడాలో పెద్ద వాటా అంటురోగాలదే.

హార్మోన్లే కాదు, వైరస్‌ల విషయంలో ఎక్స్ క్రోమోజోమ్ కూడా లెక్కలోకి వస్తుంది. వైరస్‌ను పసిగట్టే టీఎల్‌ఆర్-7 జన్యువు దాని మీదే ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా ఇంకొకటి ఆదుకుంటుంది. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాలకు చెందిన నలుగురు యువకులకు కోవిడ్ తీవ్రంగా వస్తే, నలుగురిలోనూ ఈ జన్యువే చెడిపోయి కనబడింది. అయితే రోగనిరోధక శక్తి చురుగ్గా ఉండటం అన్నివేళలా లాభం కాదు. చికున్‌గున్యా జ్వరం తగ్గిన తర్వాత నెలల తరబడి కీళ్ల నొప్పులతో బాధపడేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

ఆడవాళ్ల టీబీ తక్కువంటే తేలికని కాదు. కాన్పయిన మొదటి కొన్ని నెలల్లో అది బయటపడే ముప్పు పెరుగుతుంది. గర్భాశయానికి, దాని నాళాలకు పాకిన టీబీలో దగ్గు ఉండకపోవచ్చు, తెమడలో క్రిమి దొరకదు. నాళాలు మూసుకుపోయి పిల్లలు కలగకపోవచ్చు. గొడ్రాలని మాట పడిన ఎందరి రోగం అదో ఎవరు వెతికారు?

ఊపిరితిత్తుల టీబీలో కూడా ఆడవాళ్ల పరీక్ష తప్పిపోయే చోటు ఒకటుంది, ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బీ దగ్గర. డబ్బీ చేతికిచ్చి ఉమ్మమంటారు. పదిమంది ముందు గట్టిగా కాండ్రించి ఉమ్మడానికి ఆడమనిషి సిగ్గుపడుతుంది. డబ్బీలో పడేది నోటి ఉమ్మి. పరీక్షకు కావలసింది గుండెల్లోంచి వచ్చే చిక్కటి తెమడ. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో దీన్ని పరీక్షించి చూశారు. లోతుగా ఊపిరి పీల్చి, దగ్గి, తెమడ తీయడమెట్లాగో కాసేపు వివరించి చెబితే, ఆడవాళ్లలో క్రిమి దొరికినవాళ్లు నూటికి 8 నుంచి 13కు పెరిగారు. మగవాళ్లలో ఏ మార్పూ లేదు. 2007లో అచ్చయిన ఈ ఫలితానికి కొత్త యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. కాస్త చాటు, రెండు మాటలు చాలు.

మగవాళ్లకు చాటు కాదు, వేళ ముఖ్యం. జాతీయ సర్వేలో దొరికిన టీబీ కేసుల్లో నూటికి 42కు పైగా ఎక్స్‌రే లేకుంటే తప్పిపోయేవే, ఎందుకంటే వాళ్లు లక్షణాలేవీ చెప్పలేదు. ఇప్పుడు చేతిలో పట్టుకొనే ఎక్స్‌రే యంత్రాలు పల్లెలకు వస్తున్నాయి. పొద్దున పదకొండింటికి ఊళ్లో శిబిరం పెడితే కూలికి పోయినవాళ్లు దొరకరు. పాలమూరు పల్లెల్లో వలసపోయినవాళ్లు దసరాకో పీర్ల పండుగకో ఇల్లు చేరతారు. ఆ నాలుగు రోజులు చూసుకొని, సాయంత్రం ఊళ్లోకి యంత్రం తెస్తే దొరికేది వాళ్లే.