శని పక్కన ఆ రెండూ ఏమిటి?

1608లో నెదర్లాండ్స్‌లో కళ్ళజోళ్ళు చేసే హాన్స్ లిపర్‌షే ఒక గొట్టంలో రెండు కటకాలు అమర్చి పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. పేటెంటు రాలేదు గానీ, కబురు ఇటలీ దాకా పాకింది. పాదువాలో గణితం బోధిస్తున్న గెలీలియో 1609లో కటకాలు తానే సానపట్టుకుని, దూరాన ఉన్నదాన్ని దాదాపు 20 రెట్లు పెద్దదిగా చూపే టెలిస్కోపు తయారుచేశాడు.

అప్పటి గాజులో బుడగలుండేవి. సానపట్టేటప్పుడు అంచుల దగ్గర వంపు చెడేది. అందుకని ఆయన కటకం ముందు నడుమ రంధ్రం ఉన్న అట్ట బిగించాడు. ఫ్లారెన్స్ మ్యూజియంలో ఉన్న ఆయన టెలిస్కోపు ఒకదానిలో కటకం వెడల్పు 37 మిల్లీమీటర్లు; అందులో వెలుగును లోపలికి రానిచ్చేది 15 మిల్లీమీటర్లే. వెలుగు తగ్గింది, బొమ్మ తేటపడింది. ఆటవస్తువు శాస్త్ర పరికరమైంది ఆ అట్టముక్కతోనే అని నేను నమ్ముతాను.

1610 జనవరిలో గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు రాత్రి రాత్రికీ చోటు మారుతూ కనిపించాయి. అవి గురుడి చందమామలు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది.

శని మాత్రం ఆయనకు అంతు చిక్కలేదు. అదే ఏడు జూలైలో చూస్తే శనికి అటొకటి ఇటొకటి అంటుకున్నట్టు రెండు గుండ్రని రూపాలు! కదలవు, తిరగవు. 1612 చివర్లో చూస్తే రెండూ మాయం. గెలీలియో నిర్ఘాంతపోయాడు. తర్వాత అవి మళ్ళీ కనిపించాయి. అవేమిటో తెలియకుండానే 1642లో ఆయన కన్నుమూశాడు.

ముడి విప్పింది నెదర్లాండ్స్‌కే చెందిన క్రిస్టియాన్ హైగెన్స్. అన్న కాన్‌స్టాంటైన్‌తో కలిసి ఇంకా మేలైన కటకాలు సానపట్టి, 1655లో శని ఉపగ్రహం టైటాన్‌ను కనిపెట్టాడు. శని చుట్టూ, దాన్ని ఎక్కడా తాకకుండా, పలుచని వలయం ఉందని 1659లో పుస్తకంగా ప్రకటించాడు. వలయం వాలుగా ఉండటం వల్ల సుమారు 15 ఏళ్ళకోసారి దాని అంచు మాత్రమే మనవైపు తిరుగుతుంది. అంత పలుచని అంచు ఆ టెలిస్కోపులకు ఆనదు. 1612లో జరిగింది అదే.

2025 మార్చిలోనూ వలయం అలాగే అంచుకు తిరిగింది. ఇప్పుడు ఏటేటా మళ్ళీ విచ్చుకుంటోంది. మీ ఊళ్ళో కాలేజీవాళ్ళో సైన్సు సంఘంవాళ్ళో టెలిస్కోపు పెడితే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి శనిని చూడండి. గెలీలియోకు అంతుచిక్కని ఆ వలయం ఇవాళ 30 రెట్లు పెద్దది చేసే మామూలు టెలిస్కోపులోనూ కనిపిస్తుంది.